పురుళ్ల పెద్దమ్మ జనాభా లెక్క

పొద్దున్నే ఇంటి నుంచి ఆస్పత్రికి నడిచి వెళ్లేటప్పుడు పురుళ్ల పెద్దమ్మ మనుషుల్ని చూసేది కాదు, దండేలను చూసేది. ఏ డాబా మీద పొత్తిగుడ్డలు ఆరుతున్నాయి, ఏ వరండా కమ్మీల మీద చిన్న చిన్న చొక్కాలు వేలాడుతున్నాయి, అదే ఆవిడకు కావలసిన వార్త. తెల్లటి గుడ్డముక్కలు నాలుగు గాలికి ఎగురుతూ కనిపిస్తే చాలు, ఆవిడ మొహం చేటంత అయ్యేది.

"చూశారా, మన ఊరు ఎలా పెరిగిపోతోందో!" అని పక్కన ఎవరుంటే వాళ్లతో అనేది. ఎవరూ లేకపోతే తనతో తానే అనుకునేది. ఎక్కువసార్లు తనతో తానే అనుకోవాల్సి వచ్చేదని, ఆ వీధిలో అసలు పక్కన నడిచే మనిషే ఉండేవాడు కాదని ఆవిడ ఎప్పుడూ గమనించలేదు. గమనించి ఉంటే ఈ కథే లేదు.

ఊరి చివర, బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉన్న పెంకుటిల్లే ఆస్పత్రి. ఆరు మంచాలు, ఆరూ పురుళ్లకే. డాక్టరు వారానికోసారి వచ్చి సంతకాలు పెట్టి, టీ తాగి, వెళ్లిపోయే బస్సు ఎక్కేవాడు. మిగతాదంతా పెద్దమ్మే. వయసులో ఉండగా నర్సుగా చేరింది, ఇప్పుడు అరవై దగ్గర పడుతున్నా ఆ గుమ్మం దిగలేదు. ఆవిడ హస్తవాసి అలాంటిది. పెళ్లయి ఎక్కడెక్కడికో వెళ్లిపోయిన ఆడపిల్లలందరూ నెలలు నిండేసరికి పెట్టె సర్దుకుని పుట్టింటికి వచ్చేసేవాళ్లు. పెద్ద పట్నంలో అద్దాల ఆస్పత్రులున్నా సరే, "మా పెద్దమ్మ చేతిలో అయితే భయం లేదు" అని మొగుళ్లను ఒప్పించి మరీ వచ్చేవాళ్లు. దాంతో ఆరు మంచాలూ ఏనాడూ ఖాళీగా ఉండేవి కావు. ఒక్కోసారి వసారాలో చాప కూడా పరిచేవాళ్లు.

పెద్దమ్మకు మనుషుల మొహాలకన్నా వాళ్లు పుట్టిన తీరు బాగా గుర్తుండేది. అదొక జబ్బు అనుకోండి. నాలుగు రోడ్ల దగ్గర లారీ ఆపి డ్రైవర్ని గదమాయిస్తున్న కానిస్టేబుల్ దగ్గరికి వెళ్లి, "ఒరే, నువ్వు అడ్డం తిరిగి మీ అమ్మను రెండు రోజులు ఏడిపించినవాడివి కదూ? ఇంకా అడ్డం పడుతూనే ఉన్నావా?" అని అడిగింది. లారీ డ్రైవరు నవ్వు ఆపుకోలేక జరిమానా కూడా కట్టకుండా వెళ్లిపోయాడు. బ్యాంకులో కొత్తగా వచ్చిన మేనేజరును చూసి, "నువ్వా! పుట్టగానే ఏడవలేదు నువ్వు. తలకిందులుగా పట్టుకుని రెండు వేశాను" అని వరుసలో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా చెప్పింది. ఆ చుట్టుపక్కల ఉద్యోగాలు చేస్తున్నవాళ్లలో సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లే. ఆవిడ ఎదురొస్తే వాళ్లు వీధి మార్చి పోయేవాళ్లు.

గొప్పలు చెప్పుకోవడం పెద్ద తప్పేమీ కాదు. చెప్పినదాన్ని తానే నమ్మడంతో వస్తుంది చిక్కు. "ఈ ఊరిని నింపింది నేను" అని పెద్దమ్మ నిజంగా నమ్మింది.

ఆవిడ ఒక్కతే నమ్మి ఉంటే సర్దుకుపోయేది. ఊరి ప్రెసిడెంటు కూడా నమ్మాడు. ఆయనకు బట్టల కొట్టు ఉంది. ఎవరికైనా పాప పుట్టినా బాబు పుట్టినా తాన్లోంచి మెత్తటి గుడ్డ మీటరున్నర కత్తిరించి పంపేవాడు. పైగా ఆ ఊళ్లో ఇంకో వింత ఉంది. అక్కడ ఎవరూ చచ్చిపోయేవాళ్లు కాదు. కాస్త ఊపిరి ఆడకపోయినా, గుండె పట్టేసినా, వంతెన అవతల పెద్ద ఊరి ఆస్పత్రికి తీసుకుపోయేవాళ్లు. పోయేవాళ్లు అక్కడే పోయేవాళ్లు, ఆ చావు ఆ ఊరి లెక్కలోకే వెళ్లేది. అందుకని ఏ సభలో నిలబడ్డా ప్రెసిడెంటు ఛాతీ విరుచుకుని, "మా ఊళ్లో పుట్టడమే గాని పోవడం లేదండీ!" అనేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు.

నమ్మనివాడు ఒక్కడే. పెద్దమ్మ మొగుడు.

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. వీధిలోకి తెరుచుకునే ముందుగదే ఆయన దుకాణం. కంటికి భూతద్దం తగిలించుకుని, కాలు మీద కాలేసుకుని, రోజంతా పళ్లచక్రాలతో ఉంటాడు. గది గోడలన్నీ గడియారాలే. అవి అమ్మకానికి కాదు. బాగుచేయమని ఇచ్చి, ఊరు వదిలి వెళ్లినవాళ్లవి. తీసుకోవడానికి ఎవరూ రాలేదు. పారేయడానికి ఆయనకు మనసొప్పదు, అందుకని అన్నిటికీ రోజూ కీ ఇస్తాడు. గంట కొట్టే వేళకు ఆ ఇంట్లో మాట వినబడదు.

"నీ దండేలు నువ్వు చూసుకో, నా గోడ నేను చూసుకుంటాను" అనేవాడాయన. "నీ లెక్కలో ఊరు పెరుగుతోంది, నా లెక్కలో తరుగుతోంది."

"మీకు ఎప్పుడూ ఏడుపే. ఆడే గడియారాన్ని చూసినా ఎప్పుడాగుతుందా అంటారు" అనేది పెద్దమ్మ.

అలా మొగుడూ పెళ్లాల వాదులాటగా సాగిపోవాల్సిన సంగతి కాస్తా జిల్లా ఆఫీసు దాకా పోయింది. అక్కడ కాగితాలు చూసేవాళ్లకు కళ్లు తిరిగాయి. ఏటా ఇన్ని జననాలు, మరణాలు సున్నా! ఈ లెక్కన ఊళ్లో ఇసుక వేస్తే రాలకూడదు. వెంటనే రెండో బడి మంజూరు చేశారు. జారుడుబల్లలతో పిల్లల పార్కు మంజూరు చేశారు. పురుటి ఆస్పత్రిని ఇరవై మంచాలకు పెంచాలన్నారు. బడికి పునాది గోతులు కూడా తవ్వారు. వానొస్తే ఆ గోతుల్లో కప్పలు చేరేవి, వాన లేకపోతే మేకలు దిగేవి. పిల్లలు మాత్రం కనబడలేదు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నాడు గడియారాలాయన, గోతుల వైపు చూసి.

"చూలు లేదంటారేంటండీ! నా ఆరు మంచాల మీదా ఉన్నది ఎవరనుకున్నారు?" అని పెద్దమ్మ విరుచుకుపడింది.

గోడ లేవబోయేముందు జిల్లా ఆఫీసులో ఎవరికో ఒక చిన్న అనుమానం వచ్చింది. ఒకసారి మనిషిని పంపి తలలు లెక్కపెట్టిద్దాం అన్నారు. ప్రెసిడెంటుకు కబురొచ్చింది: ఫలానా రోజు లెక్కలాయన వస్తాడు, ఇల్లిల్లూ తిరుగుతాడు. తలలు సరిపోతే ఇరవై మంచాలు. సరిపోకపోతే పిల్లలే లేని ఊరికి పురుటి ఆస్పత్రి ఎందుకని ఉన్న ఆరూ వంతెన అవతలికి వెళ్లిపోతాయి.

ఆ మాట విన్నప్పుడు పెద్దమ్మ నవ్వింది. "లెక్కపెట్టుకోమనండి, నాకేం భయం?" అంది. కానీ ఆ సాయంత్రం మంచాల మీద దుప్పట్లు మారుస్తూ, ఒక్కో ఇనుపకమ్మీని చేత్తో తడిమింది. ఆవిడకు పిల్లల్లేరు. ఆ మంచాల మీద పుట్టినవాళ్లే ఆవిడకు పిల్లలు. ఈ ఆరూ పోతే తనేం చేయాలి? ముందుగదిలో మొగుడి పక్కన కూర్చుని గడియారాలకు కీ ఇస్తూ ఉండాలా?

"అంత నమ్మకం ఉంటే ఒక్కసారి నువ్వే తిరిగి చూసి రా" అన్నాడు మొగుడు. "పైకి చూడకు. గుమ్మాల వైపు చూడు."

పౌరుషం కొద్దీ చెప్పులేసుకుని బయల్దేరింది. మొదట బేకరీవాళ్లిల్లు. ఆ ఇంటి పిల్లకు ఆవిడ చేతుల మీదుగా ముగ్గురు పుట్టారు. తలుపు తీసింది ముసలాయన. లోపల ముసలావిడ. "పిల్లలేరండీ?" అని అడిగితే, "ఏ పిల్లలు? వాళ్ల ఊళ్లో వాళ్లు. ఈ చిన్నాడొక్కడే ఉన్నాడు, వీణ్నీ వీళ్లమ్మనూ వచ్చేవారం తీసుకుపోతారు" అన్నారు. పక్కింటికి తాళం. ఆ పక్కింటికీ తాళం, దాని మీద తుప్పు. మేడ ఇంట్లో ఒక ముసలావిడ పిల్లితో మాట్లాడుతోంది. మూల ఇంట్లో ఒక ముసలాయన పిల్లి కూడా లేకుండా గోడతో మాట్లాడుతున్నాడు. ఆడపిల్ల పురిటికి వచ్చినన్నాళ్లు ఇంటినిండా గోల, పసిపిల్ల మెడ నిలబడగానే బస్సెక్కడం. పెద్దమ్మ చూసినవన్నీ ఆ నెలలే. మిగతా ఏడాది ఆ ఇళ్లలో ఏం జరుగుతుందో ఆవిడ ఎన్నడూ చూడలేదు.

ఆఖరికి తమ ఎదురింటికి వచ్చింది. అక్కడ పోస్టు బాబాయ్ ఉంటాడు. ఒకప్పుడు ఊరంతా ఉత్తరాలు పంచినవాడు, ఇప్పుడు కాళ్లు వాచి కుర్చీకి అతుక్కుపోయాడు. ఆవిణ్ని చూసి ఆయన ఆశ్చర్యపోయాడు.

"ఏమ్మాయ్, దారి తప్పావా? ఈ ఇంట్లో పసిపిల్లలెవరూ లేరే!"

"అదేంటి బాబాయ్, ఎదురిల్లేగా, రాకూడదా?"

"రాకూడదని కాదు. పసిపిల్లలుంటే తప్ప నువ్వు గడప తొక్కవు కదా అని. వచ్చావు గనక ఆ బిందెలోంచి కాసిని మంచినీళ్లు ముంచి ఇవ్వు. పొద్దుటినుంచి లేవలేకపోతున్నాను."

పెద్దమ్మ నీళ్లిచ్చింది. ఆయన గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని గటగటా తాగాడు. ఎదురింట్లో మనిషి పొద్దుటినుంచి దాహంతో ఉన్నాడు, తాను ఆ ఇంటి ముందునుంచే దండేలు చూసుకుంటూ పోయింది. ఆవిడకు సిగ్గేసింది. బిందెను ఆయన చేతికందేలా జరిపి ఇంటికొచ్చింది. మొగుడు ఏమీ అడగలేదు. అడగకపోవడం ఇంకా మండించింది.

తెలిసొచ్చింది కదా, ఇక బుద్ధిగా నిజం చెబుతుందని మీరనుకుంటారు. మనుషులు అలా ఉంటే ఎంత బాగుండేది! తెల్లారి ప్రెసిడెంటు ఇంటికి వెళ్లి, "ఏదో ఒకటి చేయాలి" అంది.

ప్రెసిడెంటు అప్పటికే చేయవలసింది చేసి ఓడిపోయి ఉన్నాడు. బయట ఊళ్లలో ఉన్న ఆడపిల్లలందరికీ ఫోన్లు చేశాడు, పిల్లల్ని తీసుకుని ఒక్కరోజు వచ్చి పొండమ్మా అని. అల్లుళ్లు ఒప్పుకోలేదు. ఒకడైతే "మీ ఊరి తలలకు మా తలలు అరువా?" అని ఫోను పెట్టేశాడు. చివరికి తేలింది ఏంటంటే, ఇంకా మెడ నిలబడని పురిటి పసికందుల్ని వదిలేస్తే, ఊళ్లో చేతికి దొరికే పసివాడు ఒక్కడే. బేకరీవాళ్ల మనవడు, మూడు నెలలవాడు, అన్నీ గుండ్రంగా ఉంటాయి గనక గుండుగాడు.

"ఒక్కడు చాలు" అంది పెద్దమ్మ. "ముందు గుమ్మాల్లోంచి ఆయన వెళ్తాడు. వెనక దొడ్లలోంచి వీడు వెళ్తాడు."

"పోల్చుకోడూ?"

"పొత్తిళ్లలో చుడితే ఏ పిల్లాడైనా ఒక్కటే. చుట్టేది నేను. నా చేతి మడత అందరికీ ఒకేలా ఉంటుంది."

లెక్కలాయన ఉదయం బస్సుకు దిగాడు. సన్నగా, పొడుగ్గా, చేతిలో గొడుగు, చంకలో అట్ట, మెత్తగా మాట్లాడే మనిషి. గడప దగ్గర చెప్పులు విప్పి, "అమ్మా, నిన్న రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారు?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు కొందరు ముసలివాళ్లు కోప్పడ్డారు. అదేం ప్రశ్న, పరువుగలవాళ్లను పట్టుకుని!

ఒక పసివాడుంటే ఎవరికీ అనుమానం రాదని బేకరీ ఇంట్లో గుండుగాణ్ని నేరుగానే చూపించారు. లెక్కలాయనకు పిల్లలంటే ఇష్టం లాగుంది, వంగి బుగ్గ మీద వేలు పెట్టాడు. గుండుగాడు వేలు వదిలేసి ఆయన పెన్ను మూత పట్టుకున్నాడు. పట్టుకున్నది వదలడు. ఆయన మెల్లగా లాగాడు, ఇంకాస్త లాగాడు. ఏడుస్తాడేమోనని ఊరుకున్నాడు.

"మంచి పట్టు" అన్నాడు.

"నా చేతుల్లో పుట్టినవాళ్లందరికీ ఇదే పట్టు నాయనా" అంది పెద్దమ్మ గర్వంగా. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆ మూత సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన అలా చెప్పులు తొడుక్కోవడం, ఇలా పెద్దమ్మ పిల్లాణ్ని చంకనేసుకుని వెనక తలుపు తీయడం. ఆ వయసులో ఆవిడ పిట్టగోడ దూకిన తీరు చూసి మేడ ఇంటి ముసలావిడ పిల్లిని కూడా మరిచిపోయి నోరు వెళ్లబెట్టింది. కోళ్లగూడు దాటి, బట్టలుతికే బండ ఎక్కి, మేడ ఇంటి వంటగదిలోకి దూరి, పిల్లాణ్ని ముసలావిడ ఒళ్లో కూలేసింది. ముసలావిడకు మనవడు పుట్టి నాలుగేళ్లయింది, ఫొటోల్లో తప్ప చూడలేదు. ఒళ్లో పడ్డ పిల్లాణ్ని చూసి ఆవిడకు నిజంగానే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. లెక్కలాయన అది చూసి పిల్లాణ్ని తాకకుండా రాసుకుని వెళ్లిపోయాడు.

రెండు ఇళ్లయ్యాయి. మూడో ఇల్లు గోడతో మాట్లాడే ముసలాయనది. ఆయనకు పిల్లాణ్ని ఎత్తుకోవడం చేతకాక పక్కకు వంచాడు. పొత్తిగుడ్డ వదులైంది. అందులోంచి గుండుగాడి పిడికిలి బయటికొచ్చింది. పిడికిట్లో నీలంరంగు మూత.

లెక్కలాయన చేతిలో ఉన్న పెన్నును ముందుకు చాపి, ఆ మూతలోకి పెట్టి చూశాడు. టక్కున అతికింది. గుండుగాడు ఇప్పుడు పెన్ను మొత్తం పట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ ప్రెసిడెంటు తేలు కుట్టిన దొంగలా ఆకాశం వైపు చూశాడు. వెనక తలుపు దగ్గర పెద్దమ్మ ఆయాసంతో రొప్పుతోంది.

"పెద్దమ్మగారూ, ఎక్కడైనా కాసేపు కూర్చుందామా?" అన్నాడు లెక్కలాయన.

ఆస్పత్రిలో కూర్చున్నారు. అరిచి ఉంటే పెద్దమ్మ తిరిగి అరిచేది. ఆయన అరవలేదు, టీ గ్లాసు పట్టుకుని నెమ్మదిగా చెప్పాడు.

"ఏ ఊరికైనా నాలుగు గుమ్మాలుంటాయండీ. పుట్టడం ఒకటి, పోవడం ఒకటి, బయటినుంచి రావడం ఒకటి, బయటికి వెళ్లిపోవడం ఒకటి. నాలుగూ చూస్తేనే లోపల ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. మీరు మొదటి గుమ్మం దగ్గరే కూర్చుండిపోయారు. అక్కడ రోజూ తిరునాళ్లే. పిల్లలు ఆ గుమ్మంలోంచి వచ్చి, నాలుగో గుమ్మంలోంచి బస్సెక్కిపోతున్నారు. పోయేవాళ్లేమో వంతెన దాటి పక్క ఊరి గుమ్మంలోంచి పోతున్నారు. మా ఆఫీసువాళ్లు కూడా అదే తప్పు చేశారు, మిమ్మల్నొక్కరినీ అనుకోవడం ఎందుకు?"

అట్ట మీద ఒక బొమ్మ గీశాడు. కింద పిల్లలు, నడుమ పనిచేసే వయసువాళ్లు, పైన పెద్దవాళ్లు. కింద గీత బెత్తెడు కూడా లేదు, పైకి పోయేకొద్దీ వెడల్పు.

"బొంగరంలా ఉందే!" అంది పెద్దమ్మ.

"అవునండీ."

"బొంగరం తిరిగినంతసేపే నిలబడుతుంది నాయనా." ఆ మాట అన్నాక ఆవిడకే భయం వేసింది. అప్పుడు లెక్కలాయన మొహంలోకి సరిగ్గా చూసింది. కుడి చెవి పక్కన సూదిమొనంత గుంట. ఆవిడ కళ్లు మెరిశాయి.

"ఆగు! నువ్వు మేడ ఇంటి పక్కవాళ్ల చిన్నమ్మాయి కొడుకువి కదూ? పిర్రలు ముందు పెట్టుకుని వచ్చినవాడివి!"

లెక్కలాయన మొహం కందగడ్డయింది. మంచాల మీద ఉన్న ఇద్దరు ఆడపిల్లలు పమిట చెంగులు నోట్లో కుక్కుకున్నారు.

"అవునండీ. మా అమ్మ చెబుతూ ఉంటుంది."

"మీ అమ్మ ఎంత కష్టపడిందో నాకు తెలుసు. ఇదిగో, ఈ మూల మంచమే. ఈ ఊళ్లో పుట్టినవాడివేగా, మరి నిన్ను కూడా రాసుకో. ఒక తల కలుస్తుంది."

ఆయన నవ్వాడు గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "నేను నిన్న రాత్రి ఎక్కడ నిద్రపోయానో అక్కడి లెక్కలోకే వస్తానండీ. ఇక్కడ పుట్టి మూడో నెలలో వెళ్లిపోయినవాణ్ని. మళ్లీ ఇవాళే రావడం."

పెద్దమ్మ మంచాల వైపు చూసింది. తాను పురుడు పోసినవాళ్లంతా ఒక్కసారి వచ్చి నిలబడితే ఈ వీధి చాలదు. కానీ ఎవరూ నిలబడరు. అందరూ ఎక్కడో నిద్రపోతున్నారు. ఆవిడకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"అయితే మంచాలు తీసుకుపోతారన్నమాట."

"పురిటి మంచాలని రాస్తే తీసుకుపోతారు. పెద్దవాళ్ల మంచాలని రాస్తే ఉంచుతారు. ఊళ్లో ఉన్నది వాళ్లే కదండీ. ఎవరి కోసమని రాయమంటారు?"

"నేను తీసుకొచ్చేదాన్ని నాయనా, సాగనంపేదాన్ని కాదు!" అని పెద్దమ్మ కసిరింది. "ముసలాళ్ల మూలుగులు వింటూ కూర్చోనా? నాకు చేతకాదు."

లెక్కలాయన గ్లాసు కింద పెట్టాడు. టీ చల్లారిపోయింది. పెద్దమ్మకు గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని గటగటా తాగిన ఎదురింటి మనిషి గుర్తొచ్చాడు. ఆ మంచినీళ్లు ఇచ్చిన చేతిని ఒళ్లో తిప్పి చూసుకుంది. కాసేపటికి, "ఒక్క మంచం పురిటికి ఉంచు. మిగతావి నీ ఇష్టం వచ్చినట్టు రాసుకుని చావు" అంది.

పెద్దవాళ్ల మంచాలయ్యాక మొట్టమొదట వచ్చినవాడు పోస్టు బాబాయే. గడియారాలాయనా ప్రెసిడెంటూ కుర్చీతో సహా మోసుకొచ్చారు. పెద్దమ్మకు పాత అలవాటు పోదు కదా. ఆయన ఆయాసపడుతుంటే నడుం మీద చెయ్యేసి, "ఆ, గట్టిగా ఊపిరి పీల్చు, వదులు, అయిపోవచ్చింది, ఇంకొక్కసారి" అనేది.

"నేనేం కనబోతున్నానే అమ్మాయ్!" అని ఆయన విసుక్కునేవాడు. విసుక్కుంటూనే చెప్పినట్టు ఊపిరి పీల్చేవాడు.

ఆయన చలికాలం దాటలేదు. ఒక మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతుండగా, ఆవిడ చెయ్యి పట్టుకునే పోయాడు. వంతెన దాటకుండానే పోయాడు. పెద్దమ్మ చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. పుట్టినప్పుడు ఎలా స్నానం చేయించాలో తెలిసిన ఆ చేతులతోనే ఒళ్లు తుడిచి, కొత్త దుప్పటి తన మడత పెట్టి కప్పింది. ఊళ్లో చావు రాయించడానికి పంచాయతీకి వెళ్తే గుమాస్తాకు ఎలా రాయాలో తెలియలేదు, ఆయనకు ఆ పని ఎప్పుడూ పడలేదు. ప్రెసిడెంటు మాత్రం, "ఇన్నాళ్ల రికార్డు పోయింది పెద్దమ్మా" అని వాపోయాడు. పెద్దమ్మ చూసిన చూపుకు కొట్లోకి వెళ్లి దుప్పటికి సరిపడా గుడ్డ కత్తిరించి పంపాడు. ఆనాటినుంచి అదీ ఆయన ఆనవాయితీ అయింది.

హస్తవాసి సంగతి ఆగుతుందా? "పెద్దమ్మ దగ్గరుంటే బాధ తెలియదట" అని మాట పాకింది. ఒకప్పుడు పురిటికి వచ్చిన ఆడపిల్లలే ఇప్పుడు అమ్మల్ని, అత్తల్ని, నాన్నల్ని పట్టుకుని బస్సు దిగడం మొదలెట్టారు. ఈ ఊరివాళ్లు, వంతెన అవతలివాళ్లు, ఆ అవతలివాళ్లు. వసారాలో మళ్లీ చాపలు పరిచారు. దండేల మీద పొత్తిగుడ్డల బదులు పెద్ద పెద్ద దుప్పట్లు ఎగిరేవి. కొందరు బాగుపడి ఇంటికి వెళ్లేవాళ్లు, కొందరు వెళ్లేవాళ్లు కాదు. గడియారాలాయన తన గోడ మీది గడియారాల్లోంచి ఒక్కోటి తెచ్చి ఒక్కో మంచం దగ్గర తగిలించాడు. "టైము ఎంతయింది?" అని అడగడం పెద్దవాళ్లకు పెద్ద కాలక్షేపం అని ఆయనకు తెలుసు.

ఏడాది తిరిగేసరికి జిల్లా ఆఫీసులో కాగితాలు చూసేవాళ్లకు మళ్లీ కళ్లు తిరిగాయి. జననాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, మరణాలు గుట్టలు గుట్టలు. నిన్నటిదాకా చావే ఎరగని ఊరు! ఏ మహమ్మారో సోకి ఉంటుంది, నీళ్లలో ఏదో కలిసి ఉంటుంది అని గగ్గోలెత్తిపోయారు.

ఒక ఉదయం బస్సు ఆగింది. ముందు ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ఇద్దరు దిగారు, చేతుల్లో నీళ్లు పట్టే సీసాలు. వాళ్ల వెనక గొడుగుతో లెక్కలాయన. పెద్దమ్మ వాకిట్లో దుప్పట్లు పిండుతోంది. సీసాలవాళ్లు ఆవిడ బకెట్లోకే తొంగిచూశారు.

"ఏంటి నాయనా ఈ వేషాలు?"

లెక్కలాయన ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "నేను చెప్పానండీ, వినలేదు. ఊళ్లో జనం పిట్టల్లా రాలిపోతున్నారని మా పైవాళ్ల బెంగ."

"నాలుగు గుమ్మాలని నువ్వే చెప్పావుగా. నేను గుమ్మం మారాను, అంతే" అంది పెద్దమ్మ, దుప్పటి దులుపుతూ. నీళ్లు చిమ్మి సీసాలవాళ్లు వెనక్కి గెంతారు.

లెక్కలాయన వెళ్లలేదు. వెనక్కి తిరిగి బస్సు మెట్ల వైపు చెయ్యి చాపాడు. కండక్టరు ఒకవైపు, ఆయన ఒకవైపు పట్టుకుంటే, తుంటి విరిగి కట్టుకట్టిన ఒకావిడ మెల్లగా కిందికి దిగింది. జుట్టంతా తెల్లబడింది. పెద్దమ్మ దుప్పటిని అలాగే వదిలేసి ఎదురు నడిచింది.

"పిర్రలవాడి అమ్మవు కదూ!"

"నేనేనక్కా" అందావిడ, నవ్వుతూ ఏడుస్తూ. "చావడానికి రాలేదు, ముందే చెబుతున్నా. వీడి ఇంట్లో మెట్లున్నాయి, పగలంతా మనిషి లేరు. నీ దగ్గరికి తీసుకుపొమ్మని నేనే గోలపెట్టాను."

"ఆ మూల మంచం ఖాళీగానే ఉంది. నీదేగా అది."

నడుం చుట్టూ చెయ్యేసి, అడుగు అడుగుకూ "అయిపోవచ్చింది, ఇంకొక్కటి" అంటూ లోపలికి నడిపించింది. మంచం మీద పడుకోబెట్టి, కాళ్ల మీద దుప్పటి తన మడత పెట్టి కప్పింది. గుమ్మంలో లెక్కలాయన చెప్పులు విప్పి, ఏం చేయాలో తెలియక, గొడుగు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోవడానికి ఆయనకు చెయ్యి ఖాళీ లేదు. పెద్దమ్మ అతని వైపు తిరిగింది.

"ఇవాళ మీ అమ్మ నిద్రపోయేది ఇక్కడే. రాసుకో మరి."

అతను గొడుగు కింద పెట్టి, జేబులోంచి పెన్ను తీశాడు.